కథానాయకుడి ముందుమాట

రేపల్లెలో ఒక పెద్ద విమర్శకుడు ఉన్నారు. కవి కూడా. ఆయన జీవితంలో మూడో వంతు నేను తయారుచేశాను. అంటే, ఆయన జీవితచరిత్ర కోసం పోగుచేసిన కాగితాల్లో మూడో వంతు నా నోట్లోంచి వచ్చినవే అని నా భావం. తెనాలిలో నన్ను ఎరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే చదవడం ఆపేస్తారు. ఎరగనివాళ్ళు కాస్త ఓపిక పట్టండి, లెక్క తరవాత సరిచేస్తాను.

ముందు ఎవరు ఎవరో చెప్పాలి. నాకు తెనాలిలో ప్రెస్సు ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, మధ్యమధ్య కవిత్వం వేసేవాణ్ణి. కవిత్వం వేసిన నెలల్లో శుభలేఖలే నన్ను బతికించాయి. ఇప్పుడు ఆ గదిలో ఫ్లెక్సీలు వేస్తున్నారు. కాలితో తొక్కే నా ట్రెడిల్ అచ్చుమిషను ఉన్నచోట పుట్టినరోజు జరుపుకునేవాళ్ళ మొహాలు నిలువెత్తున వేలాడుతుంటాయి. రేపల్లె విమర్శకుణ్ణి అందరం మాస్టారంటాం. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఆయన భార్య మిషన్ స్కూల్లో లెక్కల టీచరుగా చేశారు. జీవితచరిత్ర రాసినాయన ఉండేది బాపట్లలో. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన మనిషి. మాస్టారి భార్యకు మేమిద్దరం అన్నల వరసే. అందుకని నేను తెనాలి అన్నయ్యగారిని, ఆయన బాపట్ల అన్నయ్యగారు. నా వరకు ఆయన ఉత్త బాపట్లే.

రిటైరయ్యాక బాపట్ల మొక్కల్ని వదిలేసి మాస్టారిని పట్టుకున్నారు గానీ, మొక్కల పద్ధతి మాత్రం ఆయన్ను వదల్లేదు. మాస్టారి జీవితంలో ఒక్కో సంఘటనకు ఒక్కో చీటీ. రాసిన చీటీని పాత దినపత్రికల మధ్య పెట్టి, పైన ఇటుకలు పేర్చి అణిచేవారు. "కాగితం ముందే బల్లపరుపుగా ఉంది గదండీ, ఇంకా అణచడం ఏంటి?" అంటే, "అలవాటండి" అనేవారు. తరవాత దాన్ని అట్టకు అతికించి, కింద కుడి మూల సంఘటన ఎక్కడ దొరికిందో, ఎవరు చెప్పారో రాసేవారు. ఇద్దరు సాక్షులు చెప్తేనే చీటీ నెగ్గినట్టు. ఒక్కరే చెప్తే ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం. కథానాయకుడి సొంత మాట సాక్ష్యం కిందికి రాదు.

"మొక్కనే పిలిచి, అమ్మా నీ పేరేంటని అడిగి రాసుకోం గదండి," అన్నారు ఒకసారి నాతో.

బాపట్లలో ఆయన గది తలుపు తీస్తే నాఫ్తలీను ఉండల వాసన గుప్పున కొట్టేది. మాస్టారి బాల్యం ఒక బీరువా. ఉద్యోగం ఒక బీరువా. సాహిత్య తగాదాలు రెండు బీరువాలు. కవిత్వం మాత్రం చెప్పులు కొన్నప్పుడు వచ్చిన అట్టపెట్టెలో సరిపోయింది.

మా మూడు ఊళ్ళలోనూ ఒక ఆచారం ఉంది. ఎవరు ఏం రాసినా, రాతప్రతికి రబ్బరుబ్యాండు వేసి రేపల్లె పట్టుకెళ్ళాలి. ముందుమాట మాస్టారే రాయాలి. ఆయన దాన్ని అందుకుని బరువు చూసినట్టు ఓసారి అరచేతిలో ఎగరేసి, "మామిడికాయలు అయిపోయాక రా" అంటారు. ఏ నెలలో వెళ్ళినా అదే మాట. వెళ్తే రాతప్రతి అంచుల నిండా పెన్సిలు గీతలు, 'ఇది అవసరమా?' అనే ప్రశ్నలు. అవన్నీ దిద్దుకుని మళ్ళీ వెళ్తే అప్పుడు ఒకటిన్నర పేజీ ముందుమాట. ఆ ఒకటిన్నర పేజీ లేకుండా పుస్తకం తెస్తే ఆవిష్కరణ సభలో శాలువా కప్పడానికైనా ఎవరూ లేవరు. ఈపురుపాలెం నుంచి ఒకాయన నేత మీద దీర్ఘకవిత రాసుకొచ్చి, మగ్గం ఆపుకుని పదే పదే తిరిగాడు. ముందుమాట చేతికొచ్చేసరికి కవిత సగమైంది.

"చీరను ఇట్టా కత్తిరిస్తే ఎవరైనా కొంటారా మాస్టారూ?" అని అడిగాడాయన.

"చీర నేను కట్టుకోనయ్యా. కవిత నేను చదవాలి," అన్నారు మాస్టారు. ఇది నా కల్పన కాదు, నేను అక్కడే ఉన్నాను.

మాస్టారి సొంత కవితలు ఒక్క పుస్తకంగా వచ్చాయి. నా ప్రెస్సులోనే వేశాను. దానికి మాత్రం ముందుమాట లేదు. ముందుమాట కోసం ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఆయనకు తెలియలేదు.

ఇక అసలు సంగతి. జీవితచరిత్ర పూర్తయిందని బాపట్ల నుంచి ఫోను వచ్చింది. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. తెనాలిలో దిగి, వంతెన ఎక్కి, రేపల్లె రైలున్న ప్లాట్‌ఫారానికి వెళ్ళలేరు. కొరియరంటే నమ్మకం లేదు. వాట్సాప్‌లో ఫోటోలు పంపుదామంటే మాస్టారు ఒప్పుకోరు, "వేళ్ళతో పెద్దది చేసి చూసేది మ్యాపు, సాహిత్యం కాదు" అంటారు. అందుకని కాగితాలు తెనాలి దాకా ఆయన తేవాలి, అక్కణ్ణుంచి రేపల్లెకు నేను మొయ్యాలి. ఇద్దరం ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని టీ తాగుతుండగా ఆయన కట్టను నా ఒళ్ళో పెట్టారు. పైన రబ్బరుబ్యాండు ఉంది.

"మాస్టారి చేత ముందుమాట రాయించుకురండి ప్రెస్సుగారూ," అన్నారు.

నేను టీ గ్లాసు దించాను. "లెక్చరరు గారూ, ఇది ఆయన జీవితం."

"అవునండి."

"ఆయన జీవితానికి ఆయనే ముందుమాట ఎలా రాస్తారండి?"

"మరింకెవరు రాస్తారండి?" అన్నారు అమాయకంగా. "మన వైపు ముందుమాటలు రాసేది ఆయనొక్కరే గదా!"

ఇంతలో ఆయన గొంతు తగ్గించి ఇంకో మాట అన్నారు. "మొక్కల మీద నేను చాలా రాశాను ప్రెస్సుగారూ. ఒక్క మొక్కా చదవలేదు. ఈ పుస్తకాన్ని మాత్రం ఎవరి గురించి రాశానో ఆయన చదవాలి. చదివి, బాగుందని ఒకటిన్నర పేజీ రాయాలి. మాస్టారికి ఒక కంటికి ఆపరేషన్ అయింది. రెండో కన్ను ముట్టుకోలేం అంటున్నారు డాక్టర్లు. భూతద్దం పెట్టుకుని చదువుతున్నారు. ఆ చూపు ఉండగానే కావాలి నాకు."

ఆయన రిటైర్మెంటు జీవితమంతా ఆ కట్టలో ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని రేపల్లె రైలెక్కాను.

వీధిలో దీపావళి టపాకాయల కాగితాలు ఇంకా ఊడవలేదు. మాస్టారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు.

"ఏంటిది?"

"ముందుమాటకండి."

"ఎవరిది?"

"బాపట్ల లెక్చరరు గారిదండి."

"దేని మీద?"

"మీ మీదేనండి."

"అదేలేవయ్యా. పద్యమా, వచనమా?"

"వచనమండి."

కట్టను అరచేతిలో ఎగరేశారు. "మామిడికాయలు అయిపోయాక రా."

మామిడికాయలు వచ్చాయి, అయిపోయాయి. వెళ్ళాను. కట్ట నా చేతికిచ్చి, "మనిషి కష్టపడ్డాడు. కానీ కథానాయకుడితో చిక్కొచ్చింది. దిద్దుకు రమ్మను," అన్నారు. ఎవరి పుస్తకానికైనా అనే మాటే.

తిరుగు రైల్లో రబ్బరుబ్యాండు తీసి చదవడం మొదలుపెట్టాను. పుట్టుక దగ్గర పెన్సిలుతో రాసి ఉంది: 'ప్రారంభం పేలవం. అందరూ పుడతారు.' లాంతరు వెలుగులో చదువుకున్న ఘట్టం దగ్గర: 'ఈ లాంతరు ప్రతి జీవితచరిత్రలోనూ ఉంది. ఆర్పేయాలి.' పాపం బాపట్ల ఆ లాంతరును చూసి, చేత్తో పట్టుకుని, చిమ్నీ మీది పగులు దాకా వర్ణించి ఉన్నారు. కవిత్వం అధ్యాయం మొత్తానికి ఒకే వాక్యం: 'కథానాయకుడు కవి అని రచయిత నమ్మించలేకపోయాడు.' పెళ్ళి దగ్గర: 'ఈ పాత్ర ప్రవేశం ఆకస్మికం.'

ఈ చివరిది తరవాత ఆయన భార్య కంట పడింది. "ఆకస్మికమా? వాళ్ళ నాన్నగారు మా ఇంటి చుట్టూ ఏడాది తిరిగితే వచ్చాను," అన్నదావిడ.

అన్నిటికంటే బాపట్లను నొప్పించింది పెనుమూడి చీటీ. ఎప్పుడో మాస్టారు పెనుమూడి కుర్రకవి ఒకడి పుస్తకాన్ని సమీక్షలో చీల్చి చెండాడారు. తెల్లారి మనసు ఊరుకోక, సైకిలెక్కి ఏటి ఒడ్డున వాళ్ళ ఇంటికి వెళ్ళి, "నీ మూడో కవిత మాత్రం నాకు నిద్ర పట్టనివ్వలేదురా" అని చెప్పి వచ్చారు. ఇద్దరు సాక్షులున్న బంగారం లాంటి చీటీ అది. దాని పక్కన మాస్టారు రాసింది: 'పాత్ర స్వభావానికి విరుద్ధం. తొలగించాలి.'

"జరిగిందండి! కుర్రాడి తల్లి చెప్పింది, పక్కింటాయన చెప్పాడు!" అని ఫోనులో బాపట్ల మొత్తుకున్నారు.

ఇంత కట్టలో ఒక్కచోట మాత్రం పెన్సిలు మెచ్చుకుంది. 'ఇక్కడ మాత్రమే మనిషి కనపడ్డాడు. దీన్ని మొదటి అధ్యాయం చేయాలి. ఇది లేకుండా నేను ముందుమాట రాయను.' ఏ చీటీయా అని చూద్దును గదా, నాది!

మూడో వంతు అన్నాను గదా, సరిచేస్తానన్న లెక్క ఇక్కడ సరిచేస్తున్నాను. కట్ట మొత్తంలో నా చీటీ ఒక్కటే. అదీ అబద్ధం.

ఏం చెయ్యను? బాపట్ల కలం పట్టుకుని మా ఇంటికొచ్చి, "మాస్టారితో మీకు ఇంతకాలం స్నేహం, ఏదైనా ఒక్క సంఘటన చెప్పండి" అన్న రోజున నా దగ్గర ఏమీ లేదు. రేపల్లెలో పాలవాడి దగ్గర కూడా ఒకటి ఉంది. నాకు గుర్తున్నవన్నీ ప్రూఫులు, సిరా, కాగితం ధర. సిగ్గేసి అప్పటికప్పుడు ఒకటి అల్లాను. వేసవిలో రేపల్లె రైలు వేమూరులో ఆగిపోయిందనీ, మాస్టారు కంకర మీద నిలబడి కవిత్వం అంటే ఏంటో పెట్టె మొత్తానికి చెప్పారనీ, డ్రైవరు సిగ్నలు పడినా కదలకుండా విన్నాడనీ. చివర్లో నేను ఒక ప్రశ్న అడిగితే మాస్టారు చాలాసేపు ఆలోచనలో పడ్డారనీ. ఆ ప్రశ్న ఏంటని బాపట్ల అడిగితే, అంత లోతైంది ఇప్పుడు గుర్తురావడం లేదన్నాను. ఆయన బుద్ధిగా రాసుకుని, సాక్షి ఒక్కడే గనక ఎర్ర ప్రశ్నార్థకం పెట్టారు.

మాస్టారి పెన్సిలు మెప్పు కింద ఇంకో వాక్యం ఉంది: 'ప్రశ్న అడిగే ప్రెస్సు పాత్ర అనవసరం. తీసేయాలి.'

నా అబద్ధంలోంచి నన్నే గెంటేశారు! వెంటనే మళ్ళీ రేపల్లె వెళ్ళాను.

"మాస్టారూ, ఆ వేమూరు రైలు సంగతి... మీకు బాగా గుర్తుందాండి?"

"గుర్తులేకపోవడమేంటి! మండిపోయే ఎండ. తాటిముంజల గంప పెట్టుకుని ఒకావిడ కిటికీ దగ్గర కూర్చుంది. రైలు ఆగింది, అందరూ ఉసూరుమంటున్నారు."

ముంజలావిడ నా కథలో లేదు. "మరి నేను పక్కనే ఉన్నాను గదండి, ప్రశ్న అడిగాను..."

మాస్టారు భూతద్దం లోంచి నన్ను చూశారు. ఆయన కన్ను అరచేయంత కనపడింది. "నువ్వా? నువ్వు లేవయ్యా. నువ్వుంటే నాకు గుర్తుండేది."

ఇక్కడ బాపట్ల చిక్కులో పడ్డారు. రైలు లేకపోతే ముందుమాట రాదు. రెండో సాక్షి లేకపోతే రైలును పుస్తకంలోకి రానివ్వడానికి ఆయన పద్ధతి ఒప్పుకోదు. నేను నిజం చెప్పేస్తే పోయేది. చెప్పలేదు. చెప్పకపోగా, సాక్షిని వెతకడానికి ఆయనతో పాటు వేమూరు కూడా వెళ్ళాను. రైలు కాదు, కారు మాట్లాడుకున్నాం, ఆయన మోకాళ్ళ కోసం.

స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర కూర్చున్న పెద్దాయన్ని బాపట్ల అడిగారు. "బాబాయిగారూ, చాలా ఏళ్ళ కిందట ఇక్కడ రైలు ఆగిపోతే, రేపల్లె మాస్టారొకాయన దిగి ఉపన్యాసం చెప్పారట. మీకేమైనా తెలుసాండి?"

దూరం నుంచి ఇద్దరు పెద్దమనుషులు కారేసుకుని వచ్చి అడుగుతుంటే తెలీదనడం మర్యాద కాదని ఆయనకు తోచినట్టుంది.

"తెలియకపోవడమేంటండి! నేనూ విన్నానండి. బ్రహ్మాండంగా చెప్పారండి."

బాపట్ల కలం తీశారు. "దేని గురించి చెప్పారండి?"

"వరికి పట్టే తెగులు గురించండి. ఏ మందు ఎప్పుడు కొట్టాలో విడమర్చి చెప్పారండి. ఆ ఏడు మాకు పంట బాగా వచ్చింది."

కలం ఆగింది. నేను ఊరుకోలేక, "మాస్టారు చెడ్డ కవిత్వాన్ని తెగులుతో పోలుస్తుంటారండి, అదై ఉంటుంది," అన్నాను. బాపట్ల నా వంక చూసి కలానికి మూత పెట్టారు. టీ డబ్బులు ఆ పెద్దాయనే ఇచ్చాడు, మేం ఎంత వద్దన్నా.

ఆ తరవాతి ఆదివారం బాపట్ల మొండిగా తానే రేపల్లె బయల్దేరారు, నన్నూ తోడు తీసుకుని. వరండా మెట్లు పక్కవాటుగా, ఒక్కో మెట్టూ ఎక్కారు. మాస్టారి భార్య చర్చి నుంచి వచ్చి వంటింట్లో కాఫీ కలుపుతున్నారు. కట్టను మాస్టారి ముందు పెట్టి, బాపట్ల చేతులు జోడించారు.

"మీరు చెప్పినవన్నీ దిద్దానండి. లాంతరు ఆర్పేశాను. పుట్టుక కుదించాను. పెనుమూడి ఒక్కటీ ఉంచనివ్వండి. ఈ రైలు ఒక్కటీ వదిలేయండి."

"రైలు లేకపోతే ముందుమాట లేదు."

"సాక్షి లేకపోతే రైలు లేదండి."

"నేను చెప్తున్నాను గదయ్యా!"

"మీరు కథానాయకులండి. మీ మాట చెల్లదు."

"నా జీవితంలో నా మాట చెల్లదా?"

"ఈ ఇంట్లో ఎప్పుడు చెల్లింది గనక," అని వంటింట్లోంచి వినపడింది.

మాస్టారు కట్టను బాపట్ల వైపు తోశారు. బాపట్ల దాన్ని ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే ఇక ఇంతే గదా అన్నట్టు, రబ్బరుబ్యాండు మీద వేలు పెట్టి అలాగే కూర్చున్నారు. నేను ఆ వేలు చూడలేకపోయాను. లేచి నిలబడ్డాను. గొంతు సవరించుకుని, "మాస్టారూ, ఆ రైలు నా కల్పన. మీరు కంకర మీద నిలబడలేదు. ఎవరూ వినలేదు. నన్ను క్షమించి, ఆ పెద్దమనిషికి ఒకటిన్నర పేజీ రాసిపెట్టండి," అన్నాను. ఇంత బరువైన మాట నా జీవితంలో అనలేదు.

మాస్టారు తల అడ్డంగా ఊపారు. "నీ మాట నేను నమ్మనయ్యా. నువ్వక్కడ లేవు."

అప్పుడు కాఫీ గ్లాసుల పళ్ళెంతో మాస్టారి భార్య బయటికొచ్చారు.

"వేమూరులో రైలు ఆగింది నిజమే. ముంజలావిడా నిజమే. రైల్లో ఉన్నది మాత్రం మీరిద్దరూ కాదు. నేను."

ముగ్గురం ఆవిడ వంక చూశాం.

"మీ కవితల పుస్తకం అచ్చయిన రోజండీ. కట్టలు తీసుకుని ముగ్గురం తెనాలి స్టేషనుకి వచ్చాం. అట్ట ఆకుపచ్చ వెయ్యమంటే నీలం వేశావని మీరు, నీలమే బాగుందని తెనాలి అన్నయ్యగారు. పోట్లాడుకుంటున్నారు. నేను కట్టలు రైలుపెట్టెలో పెట్టుకుని కూర్చున్నాను. రైలు కదిలింది. కిటికీలోంచి పిలిచాను. మీరు ఇటు చూడను కూడా లేదు. ఇంటికొచ్చాక ఇదంతా మీకు చెప్పాను. ఆ తరవాత ఎప్పుడో అన్నయ్యగారికీ చెప్పాను. చెప్పిందంతా ఎవరికి వారు తమకే జరిగినట్టు వేసేసుకున్నారు."

ఆకుపచ్చ సిరా ఆ వారం దొరకలేదు. ఆ మాట ఇప్పటికైనా అనాలనిపించింది గానీ సందర్భం కాదని ఊరుకున్నాను.

"మరి ఉపన్యాసం?" అన్నారు మాస్టారు.

"ఉపన్యాసం లేదు, ఏమీ లేదు. రైలు ఆగింది, గాలి లేదు. పిల్లలు ఏడుస్తున్నారు. కట్ట విప్పి తలా ఒకటి ఇచ్చాను, విసురుకోమని."

"నా పుస్తకాన్నా?"

"అట్ట గట్టిదండీ. గాలి బాగా వచ్చింది."

"అట్టకి మంచి దళసరి కార్డు వేశాను మాస్టారూ," అన్నాను.

మాస్టారు నన్ను పట్టించుకోలేదు. భూతద్దం ఒళ్ళో పెట్టేసుకున్నారు. ఇతరుల రాతప్రతుల గురించి ఎప్పుడూ వాడని గొంతుతో అడిగారు. "ఒక్కరైనా చదవలేదా?"

"అందరూ విసురుకున్నారు. ముంజలావిడ ఒక్కతే, అమ్మా ఏం రాశారు ఇందులో అని అడిగింది. చేతికొచ్చిన పేజీ తీసి చదివాను."

"ఏమంది?"

"ఇంకోటి చదవమంది."

మాస్టారు కట్టలోంచి కవిత్వం అధ్యాయం ముందుకు తీయించుకుని, రబ్బరు అడిగి, 'నమ్మించలేకపోయాడు' అన్న చోట రుద్దడం మొదలుపెట్టారు. చూపు సరిగ్గా ఆనక పక్క వాక్యం కూడా కొంత చెరిగింది. బాపట్ల అప్పటికే జేబులోంచి ఖాళీ చీటీ తీసి రాసేస్తున్నారు. ప్లాట్‌ఫారం వైపు ఇద్దరు సాక్షులున్నారు, రైలు వైపు ఒక్కరే ఉన్నారు. కలం పట్టుకుని కాసేపు తటపటాయించి, సగం చీటీకి మాత్రం ఎర్ర ప్రశ్నార్థకం పెట్టారు.

"ఉండనీ," అన్నారు మాస్టారు. "అది బాగుంది. ఇప్పుడు రాస్తాను, రాసుకో."

ఆయన చెప్తుంటే బాపట్ల రాసుకున్నారు. ఎవరు రాసినా ఒకటిన్నర పేజీయే వచ్చింది. రచయిత శ్రమ మెచ్చదగిందన్నారు. కథానాయకుడు అంత పెద్ద పుస్తకానికి తూగే మనిషి కాడన్నారు. అతని భార్య పాత్రను రెండో ముద్రణలోనైనా పెంచాలన్నారు. ఆ వాక్యం రాస్తూ బాపట్ల కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముందుమాటలో తిట్లున్నా, మెప్పులున్నా, ఆయనకు కావలసింది ఆ చదివిన మనిషి మాట.

పుస్తకం వచ్చింది. రైలు మొదటి అధ్యాయం కాలేదు, ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. పెనుమూడి కూడా ఉంది. మాస్టారు దాన్ని మళ్ళీ కొట్టేయడం మర్చిపోయారో, ఊరుకున్నారో అడగలేదు. అందులో నేనున్నది ఒకే వాక్యంలో, 'అట్ట రంగు గురించి వాదిస్తున్న ఒక మిత్రుడు'గా. ఏమైనా, నా ఒప్పుకోలుతోనే ఆ చిక్కుముడి వీడిందనీ, నేను లేచి నిలబడకపోతే బాపట్ల ఖాళీ చేతులతో మెట్లు దిగేవారనీ నా నమ్మకం.

ఇదంతా రాసి, తప్పులేమైనా ఉంటాయేమోనని మొన్న రేపల్లె తీసుకెళ్ళి మాస్టారి భార్యకు చదివి వినిపించాను. మాస్టారు పడక్కుర్చీలో నిద్రపోతున్నారు. ఆవిడ చిక్కుళ్ళు ఒలుస్తూ చివరిదాకా విన్నారు.

"ఎలా ఉంది చెల్లెమ్మా?"

"అంతా బాగానే ఉంది అన్నయ్యగారూ. మీరు లేచి నిలబడటం ఒక్కటే లేదు. నేను కాఫీ తెచ్చి రైలు సంగతి మొత్తం చెప్పేదాకా మీరు నోరు విప్పలేదు. అంతా అయ్యాక, 'నేనూ అదే చెప్పబోతున్నాను' అన్నారు."